ఎద్దుల్ని ఈదిచ్చుకొచ్చిన పొద్దు

“అవ్వా, రేవు కాడ మోటరు పడవాయన, నేను నీ మనవరాల్నని తెలిసి లేచి జాగా ఇచ్చినాడు. నువ్వు గూడా పడవ నడుపుతాంటివంట. నిజమేనా?”

నడుపుతాంటి మే. యాలకి అట్ల నోరు తెరుచుకొని చూస్తాండావు? వాడా, వాడు ఉసేనయ్య కొడుకు. చిన్నప్పుడు బడికి నా పడవలోనే పోతాండె. బడిసంచి నీళ్ళల్లో పారేసి ఏడిస్తే, తెడ్డుతో అందుకొని తీసిచ్చినా ఒకసారి. ఇప్పుడు వానికే ఇంజను పడవుండాది. సల్లగుండనీ. సంగమేశ్వరం కనపడిందా మరి? యాడ కనపడతాది, గుడి ముణిగే ఉంటాది ఈ నెలల్లో. ఎండాకాలం రండి మీరు, నీళ్ళు దిగినంక.

కూచో, ఆ ఈతసాప మీద కూచో. ఫోను ఆడ పెడితే ఇనపడతాదా నా మాట? సరే.

అదేందంటే పాపా, మీ వేంపల్లె పక్క నీళ్ళ కోసరం ట్యాంకరు కాడ బిందెలు పెట్టుకొని నిలబడతారు గదా. మాకు అట్ల కాదు, నీళ్ళొచ్చి ఊరు పోయింది. డ్యాము కట్టినారు, కృష్ణ ఎనక్కి ఎక్కింది. మేము మిట్ట మీదికొచ్చి ఈ ఇండ్లు కట్టుకుంటిమి. నల్లరేగడి అంతా ముణిగిపాయ. మీ తాతకు మిగిలింది ఒక దిబ్బ. ఇంటి ముందర నిలబడితే కనపడతాదే, నీళ్ళ నడుమ, ఆవు పడుకున్నట్ల, అదే. ఎండాకాలం దానికీ మనకూ మధ్యన వంక ఎండిపోతాది, నడిచి పోవచ్చు, ఎద్దుల్ని తోలుకొని పోవచ్చు. వానాకాలం పైనుంచి ఏరొస్తే వంక నిండి, దిబ్బ సుట్టూ నీళ్ళు. అప్పుడింగ పుట్టి ఎక్కి పోవల్ల. పుట్టంటే తెలుసా నీకు? ఎదురుబద్దల్తో గంప మాదిరి అల్లి, కింద తారు పూసి ఉంటాది. పై ఊరోడు ఒకడు ఏస్తాండె పుట్టి. వానికి బుద్ధి పుడితే వస్తాడు, లేకుంటే లేదు.

మీ తాతకు నీళ్ళంటే భయం. నవ్వద్దు మే, నిజం. చిన్నప్పుడు ఈత నేర్పిస్తామని నడుముకు బెండ్లు కట్టి బావిలోకి తోసినారంట. ఆ కట్టు ఊడిపాయ. తీసేపాటికి కడుపు నిండా నీళ్ళు. అప్పట్నించి ఆయప్ప చెంబుతో పోసుకునేదే గాని, వంకలో మోకాలు దాకా దిగేటోడు కాదు. పుట్టెక్కితే కండ్లు మూసుకునేటోడు. అవతల గట్టుకు తగిలినంక, “వచ్చిందా?” అని అడిగి కండ్లు తెరిచేటోడు. ఊర్లో ఆడోళ్ళంతా నవ్వేటోళ్ళు. నాకు నవ్వూ వచ్చేది, పాపమనీ అనిపిచ్చేది.

యాడున్నా నేను? ఆఁ, నూకమ్మ.

నీళ్ళు నిలిచినాయని తెలిసి సముద్రం పక్కనుంచి చేపలు పట్టేటోళ్ళు వచ్చినారు. విశాపట్నం అవతల యాడనో. పడవ లారీ మీద ఏసుకొని, పిల్లా జెల్లా, కోళ్ళు గూడా. గట్టు మీద పట్టలు కట్టుకొని ఉండేటోళ్ళు. వాళ్ళల్లో నూకమ్మ, ఆమె మొగుడు సింహాచలం. నాకంటే చిన్నది నూకమ్మ. నల్లగా, సన్నగా, నిగనిగలాడేది. మొగుడు పడవ ముందర నిలబడి వల ఇసిరితే, ఈమె నడుమ కూచొని రెండు తెడ్లు ఏసేది. పడవ నీళ్ళ మీద పోతాంటే సప్పుడే లేదు. నేను గట్టున బట్టలుతుక్కుంటా దాన్నే చూస్తాంటి.

మాట తెలిసేది కాదు మొదట్లో. తెలుగే, అయినా తెలిసేది కాదు. నన్ను “అప్పా” అని పిలిచింది. మనం అప్పా అనేది మొగోళ్ళను గదా. ఇదేంది, నన్ను మొగోన్ని చేసిందే అనుకున్నా. మాళ్ళ అడిగితే, వాళ్ళ పక్క అప్ప అంటే అక్కంట. “ఏటి” అనేది మాటమాటకీ. ఏటి నీళ్ళా, ఏటి గట్టా అని నేను ఎదురు చూసేదాన్ని. ఏటి అంటే ఏంది అని. నేను “యాడికి పోతాండావు” అంటే ఆమె పడి పడి నవ్వేది. “మీది తిట్టినట్టుంటాదప్పా” అనేది. అట్ల అట్ల కలిసిపోతిమి. నేను ఒక పడి జొన్నలు కొలిచిస్తే ఆమె చేపలిచ్చేది. జొన్నరొట్టె చెయ్యడం నేను నేర్పిచ్చినా. ఆమెకు రొట్టె తట్టడం చివరిదాకా రాలేదు, అది ఏరే సంగతి. తునిగిపోయేది, ఆ తునకల్నే తినేటోళ్ళు.

ఒక దినం మీ తాత దిబ్బ మీద కలుపు తీస్తాండాడు. నేను సద్ది గంప నెత్తిన పెట్టుకొని గట్టున కూచున్నా. పుట్టోడు రాలేదు. పొద్దు నడినెత్తికొచ్చింది. నూకమ్మ చూసి, “ఎక్కప్పా, దింపేత్తాను” అని ఎక్కించుకొని పోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒకనాడు పడవ నడుమన ఆపేసి అంది గదా:

“రోజూ నన్నడగడం నీకు సిగ్గు. రోజూ ఒగ్గేసి రావడం నాకు పని. ఇలాగొచ్చి కూకో. నేర్సేసుకో.”

“నేనేంది, తెడ్డేంది మే? ఊర్లో ఏమనుకుంటారు?” అన్నా.

“ఊరు సద్ది మోసుకెల్తాదేటి?” అంది.

ఆ మాటకు గంప దించి పక్కన పెట్టినా. జరిగి కూచున్నా.

అట్ల మొదలైంది. తెడ్డెయ్యడం అంటే ఏముందిలే, నీళ్ళు ఎనక్కి తోస్తే పడవ ముందరికి పోతాది అనుకుంటారు. కాదు. నేను చేతుల్తో పీకినా మొదట. రోంచేపటికే బుజాలు పట్టేసినాయి. పడవ సూస్తే అదే తావులో గిరగిరా తిరుగుతాండాది. నూకమ్మ నా నడుము మీద చెయ్యేసి, “సేతులు కాదు, నడుం. కాల్లు ఆ కర్రకి తన్ని పెట్టు. నడుం వాల్చు, సేతులు ఎనకాలొస్తాయి” అనేది. అప్పుడు నాకు ఇసుర్రాయి జ్ఞాపకమొచ్చింది. ఇసుర్రాయి చేతుల్తో తిప్పితే ఎవురికైనా నొప్పే గదా, ఒళ్ళంతా ఊగితే పాట పాడుకుంటా ఇసరచ్చు. ఇదీ అంతే. తెడ్డు లోతుకు ముంచగూడదు, కొస మునిగితే చాలు. తీసేటప్పుడు నీళ్ళు ఎగరగూడదు. రెండు చేతులూ ఒక్క మాదిరి పడల్ల. కుడిచెయ్యి బలమెక్కువ గదా మనకు, అదేం చేస్తాదంటే పడవను ఎడమకు తిప్పుతాది. దాన్ని రోంత అణుచుకోవల్ల.

ఇంగోటి. రెండు తెడ్లేసేటోళ్ళు ఎనక్కి తిరిగి కూచుంటారు పాపా. పోయే పక్క కనపడదు, వచ్చిన పక్కే కనపడతాది. నాకు శానా బెరుకు అయ్యేది. మెడ తిప్పి తిప్పి చూస్తాంటే నూకమ్మ నా తలకాయ పట్టుకొని నేరుగా పెట్టేది. “గట్టు మీద రెండు గురుతులు పెట్టుకో. ఒకదాని ఎనకాల ఒకటి. రెండూ కలిసున్నాయంటే సరిగ్గా ఎల్తన్నావు” అని చెప్పింది. దిబ్బ నుంచి వచ్చేటప్పుడు నా గురుతులు దిబ్బ మీది మా గుడిసె ఒకటి, దానెనక యాపచెట్టు ఒకటి. చెట్టు గుడిసె పక్కకు జరిగిందంటే నేను దావ తప్పినట్ల. అంతే. కండ్లు దాని మీద పెట్టుకుంటే మనసు గూడా కుదురుకుంటాది.

గాలొస్తే దానికి అడ్డం పెట్టగూడదు పడవను. ముక్కు గాలికి పెట్టల్ల. అలొచ్చినప్పుడు లాగగూడదు, అల దాటినంక లాగల్ల. కింద ముణిగిపోయిన తుమ్మచెట్లుంటాయి, యాడ ఉండాయో నాకు తెలుసు, నూకమ్మకు తెలీదు. ఆ సెట్ల కింద గొర్రెలు మేపినోళ్ళం గదా మేము. ఆ ఒక్కటి నేను ఆమెకు నేర్పిచ్చినా.

మీ తాతకు ఇది సరిపోలేదు. “దున్నుకునేటోళ్ళం మనం, చేపలు పట్టేటోళ్ళమా? ఆడమనిషివి, నీళ్ళ మీద నీకేం పని?” అని కసిరినాడు. తిట్టినాడు అని గాదు, పాపం, భయం ఆయప్పకు. నేను తెడ్డేసుకుంటా సద్ది తెస్తే, దిబ్బ మీద నిలబడి ఆ పక్కకు మొగం తిప్పుకునేటోడు. పడవ గట్టుకు తగిలిన సప్పుడినపడితే అప్పుడు తిరిగి చూసేటోడు. చూసి, “ఏం కూర?” అనేటోడు, ఏం జరగనట్ల.

ఆ మరుసటేడు వచ్చింది ఆ పొద్దు.

మీ అమ్మ అప్పుడు సంకలో పిల్ల. నూకమ్మకు గూడా ఆడబిడ్డ పుట్టింది ఆ ఎండాకాలం, పాలు తాగే బిడ్డ. వానలు మొదలైనాయి. మీ తాత ఎద్దుల్ని తోలుకొని, మడకేసుకొని దిబ్బ మీదికి పోయినాడు ఇత్తనం ఎయ్యడానికి. వంకలో అప్పటికి చీలమండలు దాకా నీళ్ళు. పని అయ్యేదాకా ఆడనే గుడిసెలో పండుకొని, నీళ్ళు రాకముందే ఎద్దుల్ని తోలుకొని వచ్చేస్తాడు, ఏటేటా అంతే.

ఎద్దుల సంగతి చెప్పలేదు గదా. ఒకటి మైలెద్దు, బూడిదరంగుది, పెద్దది, బుద్ధిమంతురాలు. ఎద్దును రాలు అంటానేంది నేను, బుద్ధిమంతుడు. ఇంగోటి పుల్లెద్దు, ఎర్రగా ఉండేది, వయసులో ఉండె, దుడుకు. ఎమ్మిగనూరు సంతలో తెచ్చినాము. నా మెళ్ళో బంగారు గుండ్లు పోయినాయి వాటికి. అప్పుడు జత ఎద్దులంటే ఇప్పుడు ట్రాక్టరు. అవి ఉంటే మనిషి రైతు, లేకుంటే కూలి. అంతే తేడా.

ఆ ఏడు ఏరు తొందరపడింది. పైన యాడనో గేట్లు ఎత్తినారంట. తెల్లారి లేచి చూస్తే వంక లేదు మే. కండ్లు తిరిగే అంత నీళ్ళు, ఎర్రగా, నురగ కట్టుకొని. దిబ్బ సగమైపోయింది. దాని మీద మీ తాత చీమంత కనపడతాండాడు, పక్కన రెండు చుక్కలు, ఎద్దులు. తలగుడ్డ ఇప్పి ఊపుతాండాడు. నీళ్ళు ఇంకా ఎక్కుతానే ఉండాయి. పొద్దు నడినెత్తికి వచ్చే లోపల గుడిసె కాడికి వస్తాయని పెద్దోళ్ళు అన్నారు.

పుట్టోని కాడికి మనిషిని పంపితిమి. “గాలుండాది, నేను రాను. గాలి తగ్గితే మనిషిని ఒక్కన్ని తెస్తా. ఎద్దుల సంగతి నన్నడగద్దు” అని చెప్పి పంపినాడు. ఊర్లోళ్ళు గూడా అదే మాట. “మనిషి దక్కితే చాలు, సుంకమ్మా. ఎద్దులు పోతే పోనీ” అన్నారు. వాళ్ళు మంచికే అన్నారు. నాకు తెలుసు, మీ తాత వాటిని ఇడిచి రాడు. నీళ్ళంటే ఎంత భయమైనా, రాడు.

నేను పిల్లను మా అత్త చేతిలో పెట్టి నూకమ్మ పట్ట కాడికి ఉరికినా. సింహాచలం లేడు, చేపలు తీసుకొని ఆత్మకూరు సంతకు పోయినాడు. నూకమ్మ బిడ్డకు పాలిస్తాండాది. నేను ఏం అడగకముందే లేచింది. పడవ చూపిచ్చింది.

“నాను రాలేను, గుంటకి జొరం. నువ్వెల్లు. నీకొచ్చు” అంది. గుంటంటే వాళ్ళ పక్క ఆడపిల్ల.

“పడవకేమన్నా అయితే?” అన్నా.

“నీకేటీ అవ్వకుంటే సాలు” అంది.

పాపా, ఆ పడవ ఒక్కటే వాళ్ళకు. అది పోతే వాళ్ళకు బువ్వ లేదు. మన మాదిరి ఇల్లూ లేదు, చేనూ లేదు. పరాయి ఊర్లో, పరాయి గట్టు మీద. మొగుడు ఇంట్లో లేడు, అడగనన్నా అడగల. నేను ఏమైనా సుట్టమా, ఒక ఏడు కిందట దొరికిన మనిషిని. తాడు ఇప్పి నా చేతికిచ్చేసింది. రోంత నీళ్ళియ్యి… ఆఁ, సాలు.

తాడిచ్చి చెప్పింది. “మా ఊల్లో గేదెల్ని ఉప్పుటేరు దాటిస్తాం. ఇను. పడవకి కట్టకు. తాడు బావ సేతిలోనే ఉండాల. లాగొద్దు, ముక్కు మునిగిపోద్ది. అవి ఈదుతాయి, వాటికొచ్చు. బెదిరిపోకుండా మాటాడతా ఉండాల, అంతే. నువ్వు వాటి కంటే బేగీ ఎల్లకు.” నేను తెడ్లు పట్టుకొని కూచున్నంక గూడా పడవ పట్టుకొని నీళ్ళల్లోకి నడిచొచ్చింది, రొమ్ముల కాడికి వచ్చేదాకా. అప్పుడు వదిలింది.

పోయేటప్పుడు పడవ ఖాళీ గదా, గాలి దాన్ని ఆకు మాదిరి ఎగరగొట్టింది. ముక్కు గాలికి పెట్టి, నడుము వాల్చి, అల పోయినంక లాగి, అల పోయినంక లాగి. భయమేసిందా అంటావా? ఏసింది. అయితే భయపడేదానికి తీరిక లేదు. గట్టు మీద నా గురుతులు, మా ఇంటి పట్టసాల, దానెనక కరెంటు స్తంభం. రెండూ కలిసే ఉండల్ల, కలిసే ఉండల్ల అని, అదే జపం.

దిబ్బకు తగిలినంక ఎనక్కి తిరిగి చూసినా. మీ తాత మొగం తిప్పుకోలేదు ఆ పొద్దు. నీళ్ళంచుకు వచ్చి నిలబడినాడు. “ఒక్కదానివే వచ్చినావా?” అన్నాడు.

“ఎక్కు” అన్నా.

“ఎద్దులు?”

“ఎద్దులు గూడా. ఈదుతాయి. నువ్వు తాళ్ళు పట్టుకొని ఎనక కూచో. నీ మాటే ఇంటాయి అవి, నా మాట ఇనవు.”

నన్నూ నీళ్ళనూ మార్చి మార్చి చూసినాడు. మడక ఆడనే ఇడిచిపెట్టినాడు. కొడవలి నడుముకు చెక్కుకున్నాడు. పడవ ఎక్కి నాకు వీపు పెట్టి, ఎద్దుల పక్కకు తిరిగి కూచున్నాడు, రెండు పలుపులూ రెండు చేతుల్లో. మైలెద్దు తనంతట తనే దిగింది. పుల్లెద్దు రానంది. ఆయప్ప దాన్ని పిలిచినాడు, మడక తిప్పేటప్పుడు పిలుస్తాడు సూడు, “దా పుల్లా, దాదా, తిరుగు దాదా” అని, అట్ల. అది ముందరి కాళ్ళు ఏసింది. కింద నేల పోయింది. బుస్సుమని ఊపిరి ఇడిచి, ఈతకొచ్చింది.

ఎద్దులు ఈదుతాంటే ఎప్పుడన్నా చూసినావా? ఒళ్ళంతా లోపలే. కొమ్ములు, కండ్లు, ముక్కులు, అంతే పైన. నేను ఎనక్కి తిరిగి కూచున్నా గదా, నాకు ముందర మీ తాత వీపు, దాని మీదుగా రెండు మొగాలు. అవి నన్నే చూస్తాండాయి. నేను మెల్లంగా ఏస్తాండా. బిరబిరా ఏస్తే తాళ్ళు బిగుసుకుంటాయి, మరీ మెల్లంగా ఏస్తే పడవ మీదికొస్తాయి. వాటి ఊపిరి ఎట్లొస్తాంటే తెడ్డు అట్ల ఏసినా. ఆయప్ప మాట్లాడతానే ఉన్నాడు. ఏం మాట్లాడినాడో తెలుసా, మేత సంగతి. “గట్టెక్కితే జొన్నసొప్ప ఏస్తా, సెనక్కాయ కట్టె ఏస్తా, పొట్టు కలిపి కుడితి పెడతా” అని. మా పెండ్లైనంక అన్ని మాటలు నాతో గూడా చెప్పలేదు మే.

నడుమకొచ్చినంక పుల్లెద్దు పలుపు తుమ్మచెట్టుకు తగులుకుంది. నేనే తప్పు దావలో వచ్చినానో, గాలికి జరిగినామో. తాడు కిందికి లాగింది. దాని ముక్కు మునిగింది, తేలింది, మునిగింది. బెదిరిపోయి పడవ మీదికే వచ్చేసింది. ముందరి కాలు ఎత్తి పడవ అంచు మీద ఏసింది. పలక పెటుక్కుమంది. పడవ ఆ పక్కకు వాలిపాయ, నీళ్ళు లోపలికొచ్చినాయి. నేను ఇంగ అయిపోయిందనుకున్నా.

అప్పుడు మీ తాత, ఆ బావిలో మునిగిన మనిషి, మైలెద్దు పలుపు కాలి కింద తొక్కిపెట్టి, పడవలో నుంచి సగం బయటికి వంగినాడు. ఒక చెయ్యి నీళ్ళల్లో పెట్టి కొడవలితో తాడు కోసినాడు. ఇంగో చేత్తో పుల్లెద్దు గంగడోలు కింద పట్టుకొని, దాని చెవిలో నోరు పెట్టి ఏమో చెప్పినాడు. ఏం చెప్పినాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు నాకు. కాలు ఎత్తి మెల్లంగా నీళ్ళల్లోకి జారిచ్చినాడు. నేను ఆ పక్క తెడ్డు గట్టిగా లాగి పడవను జరిపినా. అది ఇడిపోయింది. తాడు లేదు దానికింగ. ఎనక్కి తిరిగి దిబ్బ దిక్కు పోవడానికి పట్టింది.

“ఏస్తానే ఉండు” అన్నాడు నాతో. “నువ్వు ఆపితే అది ఆగిపోతాది. ఏస్తానే ఉండు.”

ఏసినా. ఆయప్ప పిలిచినాడు. “తిరుగు పుల్లా, దాదా, తిరుగు.” మడక చాలు చివరికి పోయినట్ల. అది ఒక సుట్టు తిరిగింది. మైలెద్దు పక్కన చూసింది. మాళ్ళ వచ్చింది. తాడు లేకుండానే, ఆ గొంతు పట్టుకొని వచ్చింది పాపా. ఆయప్ప ఒక చేత్తో మైలెద్దు తాడు పట్టుకొని, ఇంగో చేత్తో పడవలో పడున్న గిన్నె తీసుకొని పడవలో నీళ్ళు తోడతా, పిలుస్తా. అప్పుడు చూసినా నేను, కండ్లు తెరిచే ఉండాయి. మూసుకోవడం మర్చిపోయినాడు.

గాలికి మేము రేవు కాడికి రాలేదు. శానా కిందికి, గొర్రెల మందలుండే తావ తగిలినాము. ఎద్దులకు ముందర నేల అందింది. నీళ్ళు కారిచ్చుకుంటా ఎక్కి నిలబడినాయి. చెవులు ఇదిలిచ్చినాయి. మీ తాత దిగి రెండిటి మధ్యన నిలబడి వాటి మీద చేతులేసి అట్లనే ఉండిపోయినాడు. నాకు లేయడానికి రాలేదు, వేళ్ళు తెడ్లకు అతుక్కపోయినాయి. నూకమ్మ గట్టెమ్మటి ఉరికొచ్చింది, బిడ్డను సంకనేసుకొని, తెగిన చెప్పు చేత్తో పట్టుకొని. ఆమె నా వేళ్ళు ఒక్కొక్కటే ఇడదీసింది. అరచేతుల్లో తోలు లేదు.

“నూకమ్మా, పలక పగిలింది” అన్నా. ముందర వచ్చిన మాట అదే.

ఆమె పలక దిక్కు చూడనన్నా చూడలేదు. “పలక పోతే పలకేస్తాం. నీ సేతులకి ఏటేస్తాం” అని ఏడిచింది. అంతసేపూ ఏడవలేదంట, అప్పుడేడిచింది. నేనూ ఏడిచినా.

సాయంత్రం సింహాచలం వచ్చి పడవ చూసుకుంటాండాడు. మీ తాత పోయినాడు ఆడికి. ఇంట్లో మంచి తుమ్మమాను ఒకటి ఎండబెట్టి పెట్టుకున్నాడు, కొత్త మడక చేయించుకుందామని. దిబ్బ మీద ఇడిచిన మడక పోనే పోయింది, ఇంగ ఈ మాను ఒకటే ఉండేది. దాన్ని బుజాన మోసుకొని పోయి సింహాచలం ముందర పెట్టినాడు. “పలక కోసుకో” అన్నాడు. ఆయన, “నీ మడకకి ఏటి సేస్తావు బావా?” అన్నాడు. “ఎద్దులుండాయి గదా, మడక యాడన్నా అడుక్కుంటా” అన్నాడు మీ తాత. ఇద్దురూ కూచొని ఆ మాను కోసినారు.

ఆ తర్వాత ఎవురన్నా అడిగితే ఆయప్పే చెప్పేటోడు, “మా ఆమె తెడ్డేస్తాది” అని. నాలుగేండ్లకో ఐదేండ్లకో పడవ ఒకటి చేయించినాడు నాకు. తెడ్లు తనే చెక్కినాడు, నా చేతికి తగ్గట్ల పిడి సన్నం చేసి. దిబ్బల మీద చేన్లున్నోళ్ళను, కూలోళ్ళను, బడి పిల్లోళ్ళను, అందర్నీ దాటిచ్చినా. మీ అమ్మ పదో తరగతి పరీచ్చలకు నా పడవలోనే పోయింది, పుస్తకం చదువుకుంటా. దేవుని దయ, ఒక్కరికి గూడా ఏం కాలేదు. గాలి మంచిది కాదు అనుకుంటే ఎవురు అరిచినా తాడు ఇప్పేదాన్ని కాదు. అదీ నూకమ్మ చెప్పిందే, “ఎల్లడం రావడమే కాదప్పా, ఎల్లకపోడం గూడా రావాల” అని.

వాళ్ళు కొన్నేండ్లు వచ్చినారు, పోయినారు. తర్వాత రావడం మానుకున్నారు. చేపలు తగ్గినాయి, సింహాచలానికి మోకాళ్ళు పోయినాయి. ఆ బిడ్డ, జొరమొచ్చిన బిడ్డ, ఆ అమ్మి పెండ్లికి మనిషితో కబురు పంపినారు. మేమిద్దురమూ పోతిమి. నంద్యాల కాడ రైలెక్కి, మూటెడు కొర్రలు, ఒక చీర, బిడ్డకు పట్టీలు. మీ తాత రైల్లో పండుకోలేదు, కొర్రల మూట మీద కూచునే వచ్చినాడు.

సముద్రం చూసి మీ తాత చెప్పులిప్పినాడు. మెల్లంగా పోయి వేలు ముంచి నాలికకు పెట్టుకున్నాడు. “ఇన్ని నీళ్ళు, తాగడానికి లేవే” అన్నాడు. పాపమనిపిచ్చింది ఆయప్పకు, సముద్రమంటే. నన్ను నూకమ్మ వాళ్ళ నావ ఎక్కిచ్చింది. ఆ అలల మీద నా తెడ్డు ఒక్కటి గూడా నీళ్ళకు తగల్లేదు, గాల్లోనే ఏసినా. నూకమ్మ నవ్వి నవ్వి కూలబడిపోయింది. తల నెరుస్తాండె అప్పటికే ఇద్దురికీ, అయినా ఆ నవ్వు అట్లనే ఉండె.

వచ్చేటప్పుడు మీ తాత ఆమె ముందర నిలబడి చేతులు జోడిచ్చినాడు. “అమ్మా, నీ పేరు చెప్పుకొని బువ్వ తింటాండాము” అన్నాడు. మీ తాత పొగడ్త తెలిసిన మనిషి కాదు, ఒకరికి దండం పెట్టిన మనిషీ కాదు. ఆమెకు ఏం చెయ్యాల్నో తెలీక, ఎండుచేపల మూట ఆయప్ప చేతుల్లో పెట్టేసింది, జోడిచ్చిన చేతుల్లోనే. మీ తాత పోయినప్పుడు ఫోను చేసింది. పోయిన నెల గూడా చేసింది, బాగుండాది. చెవులు ఇనపడవంట, అందుకని ఆమె చెప్పేదే నేను ఇనల్ల.

పొద్దున్నే లేచి మొగం కడుక్కొని తూర్పుకు తిరిగితే, దేవుని కంటే ముందర ఆమె ఇల్లే తగుల్తాది నాకు. ఆడనే మొక్కుతా. దేవుడు ఏమనుకోడులే.

నీకు నా మాదిరి తెడ్లెయ్యాల్సిన పని లేదు పాపా. కడపలో సదువుకుంటాండావు, ఉద్యోగం సద్యోగం చేస్తావు. యాడ పోయినా, అడక్కముందే తాడు ఇప్పిచ్చే మనిషి నీకు ఒకరు దొరకల్ల. దొరికితే మర్చిపోగూడదు. ఎవురన్నా నీ గడపలోకి ఉరికొస్తే నీకు గూడా అట్ల ఇయ్యబుద్ధి పుట్టల్ల. నూరేండ్లు సల్లగుండు తల్లీ… నీ కడుపున పుట్టినోళ్ళు సల్లగుండల్ల… ఏంది, గాలి మారినట్లుండాదే, తలుపు కొట్టుకుంటాండాది సూడు. ఉసేనయ్య కొడుకు పడవ గట్టుకు తెచ్చుకున్నాడో లేదో… చెప్తా వానికి, పోయి చెప్పొస్తా, రోంత చెయ్యి పట్టుకొని లేపు…